కాలర్ బోన్ అతికింది, నంది హిల్స్ ఎప్పుడు ఎక్కొచ్చు?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను, మిగతావాళ్లు చదవడానికి కూడా వీలుగా ఉంటుంది. మీకు 41 ఏళ్లు, బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉంటారు. సంక్రాంతికి ముందు ఆదివారం హొసకోటె దగ్గర సర్వీస్ రోడ్డులో కంకర మీద సైకిల్ జారి పడ్డారు, ఎడమ కాలర్ బోన్ విరిగింది. ఆపరేషన్ దాకా పోకుండా స్లింగ్‌తో, అంటే చెయ్యిని మెడకి వేలాడదీసే పట్టీతో సరిపోయింది. తొమ్మిది వారాల తర్వాత ఎక్స్‌రే చూసి డాక్టరు గారు "అతికింది, మెల్లగా మొదలుపెట్టండి" అన్నారు. మీరు ఆ ఆదివారమే బూదిగెరె రోడ్డులో నలభై కిలోమీటర్లు తొక్కారు. మర్నాడు లేచేసరికి కుడి మోకాలి ముందు భాగంలో నొప్పి, ఎడమ భుజం వెనక పట్టేయడం, కుడి చేతి చివరి రెండు వేళ్లలో తిమ్మిరి, పైగా ఆగని తుమ్ములు. ఉగాది సెలవుకి గుంపుగా నంది హిల్స్ వెళ్దామని ముందే మాట అనుకున్నారు. ఇంట్లో మాత్రం వానాకాలం అయ్యేదాకా సైకిల్ ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది హిందూపురం, చదువుకునే రోజుల నుంచి బెంగళూరులోనే ఉన్నాను. సైకిల్ మీంచి పడి వచ్చినవాళ్లని ఏళ్ల తరబడి చూస్తున్నాను, నేనూ వారం వారం తొక్కుతాను. మిమ్మల్ని నా చేత్తో పట్టి చూడలేదు కాబట్టి మీ ఎముకల డాక్టరు మాట నా మాట కంటే ముందు ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

సైకిల్ ఆపక్కర్లేదు. ఉగాదికి నంది మాత్రం వద్దు.

మీరు రాసిన నాలుగు బాధల్లో ఒక్కటి కూడా విరిగిన ఎముక నొప్పి కాదు. భుజం పట్టేయడం స్లింగ్‌లో చెయ్యి కదలకుండా ఉన్నందుకు వచ్చింది. వేళ్ల తిమ్మిరి మీరు బరువు ఎటు వేస్తున్నారో చెప్తోంది. మోకాలు మానేసిన వ్యాయామం వల్ల, బహుశా సీటు ఎత్తు వల్ల. తుమ్ములు ఈ ఊరి మార్చి నెల వల్ల. నాలుగూ ఒకేసారి రావడంతో శరీరం మొత్తం పాడైపోయిందని కంగారు పడుతున్నారు, వయసైపోయిందా అని కూడా రాశారు. వయసు కాదండీ. తొమ్మిది వారాలు కూర్చున్న మనిషి ఒక్క పూటలో నలభై కిలోమీటర్లు తొక్కితే పాతికేళ్ల కుర్రాడికీ ఏదో ఒకటి నొప్పి పుడుతుంది.

మీరు నేర్చుకోవలసింది ఒకటే. ఎంత దూరం తొక్కొచ్చు అన్న ప్రశ్నకి తారీఖు జవాబు చెప్పదు, తొక్కేటప్పుడు ఉండే హుషారు అసలే చెప్పదు. మర్నాడు పొద్దున చెప్తుంది. తొక్కుతున్నప్పుడు ఒళ్లు వేడెక్కి ఉంటుంది, పక్కన స్నేహితులు ఉంటారు, నొప్పి తెలియదు. మర్నాడు లేచి పళ్లు తోముకునేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు ఎలా ఉందో చూడండి. మేం రోగులకి నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కగట్టమని చెప్తాం. తొక్కుతున్నప్పుడు మూడు లోపు ఉండి, ఇరవై నాలుగు గంటల్లో మామూలు స్థితికి వస్తే ఆ దూరం మీ శరీరానికి పట్టినట్టు. మర్నాడు నిన్నటి కంటే ఎక్కువ ఉంటే, రెండో రోజుకీ తగ్గకపోతే, అది ఎక్కువైంది. తర్వాతిసారి సగానికి తగ్గించండి. సగం అంటే నిజంగా సగమే, "కొంచెం తక్కువ" కాదు.

ఇప్పుడు ఎముక సంగతి. విరిగిన చోట మొదట మెత్తటి కణజాలం ఏర్పడుతుంది, అది గట్టిపడి ఎముకలా మారుతుంది. పెద్దవాళ్లలో కాలర్ బోన్‌కి ఇది మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా ఎముక తన పాత బలానికి, పాత ఆకారానికి రావడానికి నెలలు పడుతుంది. స్లాబ్ వేశాక నడవడానికి వీలయ్యే రోజు వేరు, దాని మీద గోడ కట్టే రోజు వేరు కదా, అలాగే ఇదీ. మీ ఎముక ఇవాళ పెడల్ తొక్కడానికి, హ్యాండిల్ పట్టుకోవడానికి సరిపోతుంది. ఇంకోసారి పడితే తట్టుకోవడానికి సరిపోదు. కాబట్టి రాబోయే రెండు నెలలూ మీ అసలు పని వ్యాయామం కంటే ముందు, పడకుండా ఉండటం. రోడ్డు, వేళ, వాతావరణం, ఎవరితో వెళ్తున్నారు అన్నవన్నీ దాన్ని బట్టే నిర్ణయించుకోండి.

నంది వద్దన్నది ఎక్కడం గురించి కాదు. కొండ ఎత్తు 1,478 మీటర్లు, కింద నుంచి పైకి ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు. నెమ్మదిగా, చిన్న గేర్లో ఎక్కితే చేతుల మీద పెద్ద బరువు పడదు, వేగం ఉండదు, పడ్డా చిన్న దెబ్బతో పోతుంది. దిగడమే మీకు ప్రమాదం. దిగేటప్పుడు ఒంటి బరువంతా ముందుకు వచ్చి రెండు చేతుల మీద పడుతుంది. మలుపు మలుపుకీ బ్రేకు నొక్కుతూ కింద దాకా అలాగే ఉండాలి. సెలవు రోజున ఎదురుగా కార్లు, పక్కనుంచి బైకులు, రోడ్డు మధ్యలో కోతులు. అలసిన చెయ్యి బ్రేకు గట్టిగా పట్టలేకపోయే చోటు అదే. అక్కడ గానీ పడితే ఎముక మొదటిసారి కంటే రెండోసారి పెద్దగా విరుగుతుంది, అప్పుడు ప్లేటు, స్క్రూల దాకా పోవచ్చు. మీరు అడగలేదు కానీ చెప్తున్నాను: మీరు మళ్లీ నంది ఎక్కే మొదటిసారి, వీలైతే దిగడానికి ఎవరిదైనా కారు మాట్లాడుకోండి. మా గుంపులో దెబ్బ తగిలి తిరిగొచ్చిన వాళ్లకి ఇలాగే చేస్తాం, ఎవరూ తక్కువగా చూడరు.

మళ్లీ రోడ్డు మీదికి వచ్చే ముందు ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు చేతులూ చెవులకి ఆనేట్టు పైకి ఎత్తండి, ఎడమది కుడిదానితో సమానంగా వెళ్లాలి. గోడకి చేతులు ఆనించి దండీల్లాగా ముందుకు వంగి లేవండి. తర్వాత వంటింటి గట్టు ఎత్తులో అదే చెయ్యండి. నొప్పి లేకుండా పదిహేను ఇరవై చెయ్యగలిగితే రోడ్డు అదుర్లు ఆ భుజం భరిస్తుంది. కుర్చీలో కూర్చుని ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడండి, హ్యాండిల్ కదలకుండా వెనక బస్సు వస్తోందా అని చూడగలగాలి. ఇది చాలామంది మర్చిపోతారు. మెడ తిరగని మనిషి బెంగళూరు ట్రాఫిక్‌లో ఒక వైపు కళ్లు మూసుకుని తొక్కినట్టే. ఇక రెక్క ఎముక చుట్టూ ఉండే కండరాలకి: ఒక రబ్బరు బ్యాండు తలుపు గడియకి కట్టి, మోచేతులు నడుముకి దగ్గరగా ఉంచి వెనక్కి లాగడం, రోజు విడిచి రోజు. మీకు భుజం వెనక పట్టేస్తున్నది ఈ కండరాలే. స్లింగ్‌లో ఇన్ని వారాలు పని లేక నీరసించాయి, నలభై కిలోమీటర్లు మెడనీ తలనీ మోయమనేసరికి బిగుసుకుపోయాయి.

విరిగిన చోట చిన్న బుడిపె తగిలితే భయపడకండి, అది అతుకు. చాలామందికి అలా మిగిలిపోతుంది. కానీ అక్కడ కొత్తగా పొడిచినట్టు నొప్పి వచ్చినా, కదిపితే కరకర అన్నా, చర్మం కిందనుంచి ఎముక నెట్టుకొస్తున్నట్టు కనిపించినా, ఎడమ చెయ్యి చల్లబడినా, తిమ్మిరి ఎక్కినా సైకిల్ పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగరెట్ అలవాటు ఉంటే ఈ రెండు నెలలైనా మానండి, అది ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇది నేను అందరికీ చెప్పే మాట, మీరు తాగుతారని కాదు.

ఇంకో మాట. మన వైపు చుట్టాలు వచ్చి పుత్తూరు కట్టు వేయించుకోమంటారు, నూనె పట్టించి లాగిస్తే భుజం వదులవుతుందంటారు. ప్రేమతోనే చెప్తారు. అతుకు ఎక్స్‌రేలో కనిపిస్తున్న ఎముక మీద ఇప్పుడు ఎవరినీ నొక్కనివ్వకండి, లాగనివ్వకండి. మెడ, రెక్క కండరాలకి గోరువెచ్చటి నూనె రాసుకుని మీ చేత్తో మీరే నెమ్మదిగా రుద్దుకోవచ్చు, వేడి నీళ్ల సంచి పెట్టుకోవచ్చు. అక్కడితో ఆగాలి.

వేళ్ల తిమ్మిరి గురించి చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది, తిమ్మిరి కుడి చేతిలో ఉంది, విరిగింది ఎడమ వైపు. మీకు తెలియకుండానే ఎడమ వైపుని కాపాడుకుంటూ బరువంతా కుడి అరచేతి మీద వేశారు. అరచేతిలో చిటికెన వేలు వైపు మడమ లాంటి చోట ఒక నరం పైకే ఉంటుంది, ఉంగరపు వేలికి సగం, చిటికెన వేలికి పూర్తిగా స్పర్శ ఇచ్చేది అదే. దూరాలు తొక్కేవాళ్లలో ఆ నరం హ్యాండిల్‌కీ ఎముకకీ మధ్య నలగడం మామూలే. మోచేతులు కొద్దిగా వంచి పట్టుకోండి, చేతులు బిగుసుకుని తిన్నగా ఉంటే ప్రతి గుంత నేరుగా అరచేతికి వస్తుంది. రెండు మూడు నిమిషాలకి ఒకసారి పట్టు మార్చండి. హ్యాండిల్ ఎత్తు కొద్దిగా పెంచించుకోండి, షాపులో పది నిమిషాల పని. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలి ఉంటే మీరు ముందుకి జారుతూ చేతులతో మిమ్మల్ని మీరే ఆపుకుంటున్నారన్న మాట. జెల్ ఉన్న గ్లౌజులు కొంత సాయం చేస్తాయి, అన్నిటికీ అవే మందు కాదు. తిమ్మిరి తొక్కడం ఆపిన కొన్ని గంటల్లో పోతుంటే పర్వాలేదు. రోజుల తరబడి ఉంటే, తాళం తిప్పడానికి పట్టు చాలకపోతే, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. నరాన్ని నలగనిచ్చిన కొద్దీ కోలుకోవడం ఆలస్యమవుతుంది.

మోకాలు. పడ్డాక సైకిల్ షాపులో ఇచ్చి బాగు చేయించానని రాశారు. సీటు రాడ్ బయటికి తీసి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించి ఉంటారు. మీ పాత ఎత్తులోనే బిగించారని నమ్మకం లేదు. మోకాలి ముందు భాగంలో, చిప్ప చుట్టూ నొప్పి అంటే సీటు కిందికి ఉండటం, లేదా బరువైన గేర్లో మెల్లగా నెట్టడం, ఎక్కువసార్లు రెండూ. మోకాలి వెనక నొప్పి వస్తే సీటు పైకి ఉందని అనుమానించాలి. ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటి ఉంది: గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి కింది దాకా తొక్కండి. కాలు అప్పుడే పూర్తిగా తిన్నగా అవ్వాలి, నడుము పక్కకి ఒరగకూడదు. ఇక పాదం ముందు భాగంతో మామూలుగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అది సరైన ఎత్తుకి దగ్గర. అక్కడ రాడ్ మీద మార్కర్‌తో గీత గీసుకోండి. ఇకపై ఎవరు విప్పినా గీత చూసి బిగిస్తారు.

గేరు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన దగ్గర బరువు గేర్లో తొక్కితేనే బలమని కుర్రాళ్లు అనుకుంటారు. మోకాళ్లు అరిగేది అక్కడే. నిమిషానికి ఎనభై, తొంభై చుట్లు తిరిగేలా తేలిక గేర్లో తొక్కండి. మొదట్లో కాళ్లు గాల్లో ఆడుతున్నట్టు అనిపిస్తుంది, కొన్నాళ్లకి అలవాటవుతుంది. ఎదురుగాలి ఉన్న రోజు ఇంకో గేరు తగ్గించండి, వేగం ఎంత ఉందని మీటర్ చూడకండి. దీంతో పాటు ఇంట్లో, మెట్టు అంచు మీద ఒక కాలితో నిలబడి రెండో మడమ నెమ్మదిగా నేలకి తాకించి పైకి రావడం, రోజు విడిచి రోజు. మోకాలు లోపలికి ఒరగకుండా అద్దంలో చూస్తూ చెయ్యండి. మీ తొడ కండరాలు తిరిగి వచ్చేకొద్దీ చిప్ప చుట్టూ నొప్పి తగ్గుతుంది.

దెబ్బ తగలగానే ఐసు పెట్టి కదలకుండా పడుకోవాలని మనందరం విన్నాం. 1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, ఎత్తులో పెట్టడం అనే నాలుగింటినీ కలిపి చెప్పారు, అది ప్రపంచమంతా పాకింది. 2014లో ఆయనే ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం నయం కావడాన్ని ఆలస్యం చేయొచ్చని తన మాట సవరించుకున్నారు. ఇప్పుడు మేం చెప్పేది, మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి కోసం ఐసు పెట్టుకోండి, ఆ తర్వాత భరించగలిగినంత కదలిక ఇవ్వండి అని. ఇంట్లోవాళ్లు చెప్పే "వానాకాలం దాకా ముట్టుకోవద్దు" నాకు అందుకే నచ్చదు. అన్నాళ్లు ఆపితే భుజం ఇంకా బిగుసుకుంటుంది, తొడలు ఇంకా సన్నబడతాయి, మళ్లీ మొదలుపెట్టిన రోజు ఇవే నొప్పులు ఇంతకంటే ఎక్కువగా వస్తాయి. పైగా మొదలుపెట్టేది తడి రోడ్ల మీద అవుతుంది.

నొప్పి మాత్రల గురించి ఒక హెచ్చరిక. ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని ఎండలో దూరం తొక్కకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద భారం వేస్తాయి. నొప్పి తెలియకుండా చేసి మర్నాడు పొద్దున చెప్పే నిజాన్ని కూడా దాచేస్తాయి.

ఇక తుమ్ములు. ఫిబ్రవరి చివర నుంచి బెంగళూరులో గాలి పొడిబారుతుంది. కానుగ చెట్లు ఆకు రాలుస్తాయి. మీ వైపు ఏఈసీఎస్ లేఅవుట్‌లో గులాబి రంగు టబెబూయా పూలు చూడ్డానికి జనం వస్తారు, పాపం తుమ్ములకి ఆ పూలనే తిట్టుకుంటారు. అలాంటి పెద్ద పూల పుప్పొడి పురుగుల ద్వారా పోతుంది, గాల్లో పెద్దగా ఎగరదు. ముక్కుని ఇబ్బంది పెట్టేవి కంటికి అందంగా కనిపించనివి: గడ్డి పుప్పొడి, ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, దాని ఎండు పొడి, తవ్విపోసిన రోడ్ల దుమ్ము. వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, రాలిన ఆకులు పొద్దున్నే ఊడ్చి రోడ్డు పక్కనే తగలబెట్టడం. సరిగ్గా మనం తొక్కే వేళకి ఆ పొగ నేల మీద పరుచుకుని ఉంటుంది. మీ వీధిలో జరుగుతుంటే అపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడండి, ఆకుల్ని ఎరువు చేసుకోవచ్చు.

ముక్కు నుంచి నీళ్లలా కారుతూ, కళ్లు దురద పెడుతూ, జ్వరం లేకపోతే అది అలర్జీ అనుకోవచ్చు. పక్కలకి కూడా మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోండి, ఇంటికి రాగానే ముఖం కడుక్కుని, ముక్కులోకి సెలైన్ స్ప్రే కొట్టి, బట్టలు మార్చుకోండి. అలర్జీ మాత్ర డాక్టరు రాస్తే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. కొన్నిటికి మగత ఉంటుంది, పొద్దున వేసుకుని రోడ్డెక్కడం ప్రమాదం. తొక్కుతుంటే ఛాతీ బిగిసినట్టు, పిల్లికూతలు వచ్చినట్టు ఉంటే అది ముక్కు సంగతి కాదు, ఊపిరితిత్తులు చూపించుకోవాలి.

జలుబు చేసినప్పుడు తొక్కొచ్చా అంటే, మెడకి పైన ఉన్నవైతే, అంటే ముక్కు కారడం, కొద్దిగా గొంతు గరగర, అప్పుడు అరగంట తేలిగ్గా తొక్కొచ్చు. మెడకి కిందికి దిగితే, దగ్గు ఛాతీలోంచి వస్తుంటే, ఒళ్లు నొప్పులుంటే, జ్వరం ఉంటే సైకిల్ ముట్టుకోకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరం ఆడను. వైరల్ జ్వరంలో ఒత్తిడి పెడితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది, అరుదే కానీ వస్తే ప్రాణాంతకం. జ్వరం తగ్గాక కూడా పొద్దున్నే మంచం మీద నాడి చూసుకోండి, మీ మామూలు లెక్క కంటే బాగా ఎక్కువ ఉంటే ఇంకా కోలుకోలేదు. తొక్కినప్పుడు ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం ఏది వచ్చినా అక్కడే దిగండి. కారణం తెలియని జ్వరానికి డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వద్దు.

ఎండ గురించి బెంగళూరువాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉన్నాం, గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టగానే ఆరిపోతుంది. విజయవాడలో చొక్కా తడిసి ముద్దయితే నీళ్లు తాగాలని తెలుస్తుంది, ఇక్కడ ఒళ్లు పొడిగానే ఉండి లోపల నీరు అయిపోతుంది. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్లో 39.2 డిగ్రీలు నమోదైంది, చల్లటి ఊరన్న ధీమా పనికిరాదు. తెల్లవారగానే బయల్దేరి ఎనిమిదిన్నర లోపు ఇంటికి రండి. చీకట్లో మాత్రం వద్దు, గుంత కనిపించదు, మీరిప్పుడు గుంతలో పడకూడదు. గంట లోపైతే నీళ్లు చాలు. అంతకు మించితే ఒక సీసాలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగో, ఓఆర్‌ఎస్సో పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. నాకైతే శ్రీరామనవమి పానకం కంటే మంచి సైకిల్ పానీయం ఇంతవరకు దొరకలేదు, అందులో చిటికెడు ఉప్పు వేసుకుంటాను. తిరిగొచ్చాక మూత్రం ముదురు పసుపుగా ఉంటే తాగింది చాలలేదు.

ఎండ కంటే మీ విషయంలో నాకు ఎక్కువ భయం మామిడి జల్లులు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, నాలుగు దాటాక మబ్బు కమ్మి, ఈదురుగాలితో వాన కొడుతుంది. నెలల తరబడి రోడ్డు మీద పట్టిన నూనె, రబ్బరు పొడి, దుమ్ము మొదటి జల్లుకి జిగురులా తేలుతాయి. గట్టి వాన పడి కడిగేసిన రోడ్డు కంటే ఆ మొదటి పది నిమిషాల రోడ్డు ఎక్కువ జారుతుంది. దాని మీద రాలిన పూలు, ఆకులు, స్పీడ్ బ్రేకర్ల తెల్ల రంగు, మ్యాన్‌హోల్ మూతలు. గాలికి కొమ్మలు విరిగిపడతాయి. కాబట్టి మేము ఏప్రిల్ సాయంత్రాలు మానేస్తాం, మీరు తప్పకుండా మానేయండి. దారిలో చిక్కుకుంటే చెట్టు కింద కాకుండా ఏదైనా షాపులోకో బంకులోకో వెళ్లి ఆగండి. ఉరుము ఆగాక అరగంట దాకా కదలకండి. తడి రోడ్డు మీద రావలసి వస్తే మలుపుకి ముందే వేగం తగ్గించండి, మలుపులో సైకిల్ పక్కకి వంగి ఉన్నప్పుడు బ్రేకు నొక్కకండి.

ఇక ఎలా మొదలుపెట్టాలి. ఈ వారం మోకాలి నొప్పి మూడు లోపుకి వచ్చేదాకా రోడ్డు వద్దు. ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఇంట్లోనే కదలకుండా తొక్కే స్టాండు) ఉంటే దాని మీద, లేకపోతే జిమ్ సైకిల్ మీద ఇరవై నిమిషాలు, తేలిగ్గా. తర్వాత ఆదివారం కబ్బన్ పార్కుకి సైకిల్ కార్లో పెట్టుకుని వెళ్లండి. ఆదివారాలు లోపలి రోడ్లలో వాహనాలు ఉండవు, చెట్ల నీడ ఉంటుంది, అలసిపోతే ఎక్కడైనా ఆగొచ్చు. పిల్లలు, కుక్కలు, నడిచేవాళ్లు ఉంటారు కాబట్టి వేగం కుదరదు, ఇప్పుడు మీకు కావలసింది అదే. గంట సేపు, మర్నాడు పొద్దున బాగుంటే వారం మధ్యలో ఇంకో అరగంట. ఇలా ఒక వారం పెంచి, ఇంకో వారం అదే దూరంలో ఆగి, తర్వాత పెంచండి. మార్చి నెలాఖరుకి ముప్పై కిలోమీటర్ల చదును రోడ్డు ఏ ఫిర్యాదూ లేకుండా తొక్కగలిగితే బూదిగెరె మీదుగా దేవనహళ్లి వైపు వెళ్లండి. అవతి దగ్గర చిన్న ఎక్కుడు ఉంది, నందికి ముందు దాని మీద కాళ్లనీ, దిగేటప్పుడు చేతుల్నీ పరీక్షించుకోవచ్చు. అది రెండు మూడు సార్లు మర్నాటి నొప్పి లేకుండా జరిగితే, మే మొదటి వారాల్లో పొద్దున్నే నంది గురించి మాట్లాడుకోవచ్చు. అప్పటికి మీ ఎముకకి పదహారు వారాలు దాటుతాయి. ఈ లెక్కలో ఎక్కడైనా శరీరం వద్దంటే తారీఖు వెనక్కి జరపండి.

సైకిల్ గురించి రెండు ముక్కలు. పడ్డప్పుడు పెట్టుకున్న హెల్మెట్ పగులు కనిపించకపోయినా మార్చేయండి, లోపలి ఫోమ్ ఒక్క దెబ్బకే నలిగిపోతుంది, రెండోసారి కాపాడదు. హ్యాండిల్, ఫోర్కు కార్బన్‌వి అయితే తెలిసినవాళ్లతో చూపించండి. మీ గీరుకుపోయిన గాయాలకి అప్పుడు టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారో లేదో రాయలేదు. మట్టి, కంకర పట్టిన గాయానికి, చివరి డోసు వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే వేయాలి. అప్పుడు వేయకపోయి ఉంటే ఇప్పుడైనా డాక్టరుని అడగండి. కుక్క కరిచినా, పన్ను గీరినా సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. హొసకోటె, బూదిగెరె రోడ్లలో పొద్దున్నే కుక్కలు వెంటపడతాయి. తప్పించుకోవాలని వేగం పెంచి పడినవాళ్లని చాలామందిని చూశాను. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకీ మధ్య పెట్టుకుని నెమ్మదిగా నడవండి, ఎక్కువసార్లు అవే ఆగిపోతాయి.

మీ ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. ఆ ఆదివారం ఆసుపత్రికి పరిగెత్తింది ఆవిడే కదా. "నీకేం తెలీదు" అనకుండా పైన రాసినవి చూపించండి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్లండి, ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి. చెప్పిన వేళకి ఇంటికి వస్తే ఆ భయం దానంతటదే కొంత తగ్గుతుంది. మీరు వాడే ట్రైనర్ ఇంట్లోనే ఉంటే మొదటి వారాలు ఆవిడ కళ్ల ముందే జరుగుతాయి, అది ఇంకా మంచిది.

గుంపుకి ఇవాళే మెసేజ్ పెట్టండి, ఉగాదికి రావడం లేదని, మేలో కలుస్తానని. చివరి రోజు దాకా నాన్చితే వాళ్ల ఒత్తిడికి లొంగిపోతారు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "తొక్కొచ్చా" అని కాకుండా, "కొండ దిగేటప్పుడు బరువంతా చేతుల మీద పడుతుంది, దానికి ఈ అతుకు సిద్ధంగా ఉందా, ఇంకో ఎక్స్‌రే కావాలా" అని అడగండి. జవాబు ఏమన్నారో, కుడి చేతి తిమ్మిరి తగ్గిందో లేదో, సీటు ఎత్తు ఎంత మారిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.